రంగు మార్చని లింకులు

ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మాదాపూర్‌లోని మా ఆఫీసు మోడెం నాలుగో ప్రయత్నంలో కలిసింది. హైటెక్ సిటీ గుండ్రటి బిల్డింగు తెరిచిన మరుసటి ఏడు, వానలు తగ్గుతున్న రోజులు. అక్క పోయి ఆరు వారాలైంది. లైను కలవగానే మెయిల్ చూడడం నా పని. ఆ రోజు ముందు కొత్తగా వచ్చిన ఒక సెర్చ్ ఇంజన్ తెరిచి, ‘తెలుగు రోగాల మాటలు’ అని ఇంగ్లీషులో కొట్టాను. అక్క పేజీ ఒకసారి చూద్దామనిపించింది.

అక్క నర్సు. కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన నర్సులకు ఇక్కడి పేషెంట్ల మాటలు అర్థమయ్యేవి కావు. ఒక ముసలాయన ‘దూప అయితుంది’ అంటే, దాహం అంటున్నాడని తెలియక ఒకామె ఇక్కడ ధూపం వేయకూడదని చెప్పి వెళ్లిపోయింది. ‘బొక్క ఇరిగింది’ అన్న పేషెంటును, ఎముక అంటున్నాడని తెలియక, ఇంకొకామె కన్నం ఎక్కడ పడిందని అడిగింది. అక్క వాళ్లను చూసి నవ్వలేదు. నోటుబుక్కులో గీత గీసి, ఇటు పేషెంటు మాట, అటు దాని అర్థం రాసింది. డ్యూటీ మధ్యలో, రెండేళ్లు రాసింది. దాన్ని నేను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఉచితంగా చోటిచ్చే సైటులో పెట్టాను. అడుగున ఆమె పేరు, తారీఖు.

అందులో ఒక తప్పుంది. పరుగెత్తినప్పుడు పక్కటెముకల కింద పట్టే నొప్పిని మా అమ్మ పిట్టనొప్పి అనేది. అందరూ అలాగే అంటారని అక్క అనుకుంది. నిజానికి అది మా ఇంటి మాట. మా గడప దాటి ఎవరూ అనరు.

ఆ రోజు మొదట వచ్చింది అక్క పేజీ కాదు, మా ఆఫీసు నడిపే సార్ కొత్తగా పెట్టిన హెల్త్ పోర్టల్. తెరిస్తే అక్క పట్టిక ఉంది, అదే వరసలో. పిట్టనొప్పి కూడా ఉంది. సంకలనం అన్న చోట సార్ పేరుంది. అక్క జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆయనకు ఆ పేజీ చూపించింది నేనే. “బావుందయ్యా మీ అక్కగారి పని” అన్నాడు.

ఆయన పోర్టల్ పైకెలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మేం గ్రానైట్ షాపులకు, స్కూళ్లకు, పెళ్లికార్డులు అచ్చువేసేవాళ్లకు పేజీలు తయారు చేసేవాళ్లం. ప్రతి పేజీ అడుగున సార్ ఒక లింకు పెట్టించేవాడు. లింకులో మూడు సంగతులుంటాయి: అది ఎక్కడికి వెళ్తుంది, ఏ రంగులో ఉంటుంది, ఏ మాట మీద ఉంటుంది. రంగు తెలుపు, పేజీ తెలుపు, కాబట్టి మనిషికి కనపడదు. సెర్చ్ ఇంజన్‌కు కనపడుతుంది. పాత ఇంజన్లు పేజీలో ఏముందో మాత్రమే చూసేవి. ఈ కొత్తది, ఆ పేజీ వైపు ఎందరు చూపిస్తున్నారు, ఏ మాటతో చూపిస్తున్నారు అని చూసేది. ‘తెలుగు రోగాల మాటలు’ అన్న మాట మీద నలభై దాకా లింకులు సార్ పోర్టల్ వైపు ఉన్నాయి. అన్నీ నేను కొట్టినవే. ఏ పేజీని పైకెత్తుతున్నానో చూడకుండా కొట్టాను.

మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్లాను.

“సార్, ఆ మాటల పేజీ కింద అక్క పేరు పెడదాం.”

“మాటలకి ఓనరేంటయ్యా? అందరూ మాట్లాడేవే కదా.”

“పిట్టనొప్పి అందరు మాట్లాడరు సార్.”

“ఏం నొప్పి?”

“మీ పేజీల ఉన్నది సార్. మీరే రాసిండ్రు గదా.”

ఆయన నన్ను చూసి నవ్వాడు. “బాధలో ఉన్నావు. ఓ నాల్రోజులు సెలవు పెట్టుకో.”

సెలవు పెట్టలేదు. మరునాటి నుంచి రోజుకు నాలుగైదు పేజీలు తెరిచాను. ఆఫీసు వేళల్లోనే, అందరి మధ్య కూర్చుని. లింకు వెళ్లే చోటు మార్చి అక్క పేజీ పెట్టాను. ‘నర్సు రాసిన తెలుగు రోగాల మాటలు’ అని మాట మార్చాను. రంగు ముట్టుకోలేదు. సార్ ఒకసారి నా వెనక నిలబడి ఆ పెళ్లికార్డుల పేజీ చూసి, “నీట్‌గా ఉంది” అన్నాడు. నాకు కలిగిన సంతోషం మంచిది కాదని తెలుసు. అయినా దాన్ని తగ్గించుకోలేదు.

సెర్చ్ ఇంజన్ మళ్లీ మా పేజీలన్నీ చదవడానికి నెల పైనే పట్టింది. ఆగాను.

పోర్టల్‌లో భాగం తీసుకుందామని ఇద్దరు డాక్టర్లు వచ్చిన రోజు నన్ను మోడెం కలపమన్నారు. కలిపి పక్కన నిలబడ్డాను. “వెతికితే మనమే ఫస్టండి” అని సార్ తానే కొట్టాడు. మొదట అక్క పేజీ వచ్చింది. దాని కింద ఎక్కడో ఆయనది.

డాక్టరమ్మ రెండూ తెరిపించి చూసింది. “ఈవిడెవరండి? రెండూ ఒకటే ఉన్నాయే.”

“ఎవరో మనది కాపీ కొట్టారండి” అన్నాడు సార్.

నా ముందే అన్నాడు. అక్కను దొంగ అన్నాడు.

“మేడం, ఆమె పేజీ అడుగున తారీఖు ఉన్నది. జర చూడుండ్రి” అన్నాను. “ఇద్దరి దాంట్ల పిట్టనొప్పి ఉన్నది. అదేందో సార్‌ని అడుగుండ్రి.”

ఆమె అడిగింది. సార్ కొంచెంసేపు ఆలోచించి, “కోళ్లకొచ్చే జబ్బండి” అన్నాడు.

రెండో డాక్టరు గొంతు సవరించుకున్నాడు. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. చెప్పాను. ఎవరి మాటో కూడా చెప్పాను. ఆమె బ్యాగు తీసుకుని లేచింది. వాళ్ల కారు వెళ్లాక సార్ తలుపు వేశాడు.

“ఏం చేశావురా?”

“లింకులల్ల చోటు, మాట మార్చిన సార్. రంగు మార్చలె.”

వెంటనే వెళ్లిపొమ్మన్నాడు. నా టిఫిన్ డబ్బా కూడా తీసుకోనివ్వలేదు. సాయంత్రానికి పోర్టల్‌లో ఆ పేజీ లేదు. డాక్టర్లు మళ్లీ రాలేదని విన్నాను. ఏడాదిలో పోర్టల్ కూడా మూతపడింది. ఆయనకు అంత నష్టం జరగకుండా ఉండాల్సిందని ఇన్నేళ్లలో ఒక్కరోజూ అనుకోలేదు.

తర్వాత కొన్నాళ్లు ప్రతి సోమవారం బోరబండలో ఒక నెట్ సెంటర్‌కు వెళ్లి అవే మాటలు కొట్టి చూసేవాణ్ణి. అక్క పేజీ మొదట ఉండేది. సార్ మనుషులు నా లింకులు ఒక్కొక్కటీ తీసేస్తుంటే రెండో చోటికి, ఆరో చోటికి, తర్వాత రెండో పేజీకి దిగింది. చివరికి ఆ ఉచిత సైటే మూసేశారు. నోటుబుక్కు మాత్రం నా దగ్గర ఉంది, అందులో ఆమె చేతిరాత ఉంది. ఇప్పుడు నేను వెతకడం లేదు.