పద్మజ మేడమ్ కదిలిన రోజు

పక్క స్థలంలో పొద్దుటి నుంచి బోరు వేస్తున్నారు. టకటకమని ఒకటే మోత. ఇంట్లోవాళ్లు కిటికీలు మూసుకుని విసుక్కుంటుంటే నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎమ్మారై మిషన్ మోత కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అది వింటే నాకు కామారెడ్డిలో నా మొదటి ఉద్యోగం, పద్మజ మేడమ్ గుర్తొస్తారు.

అది 2012. మేడమ్ రేడియాలజీ డాక్టరు, చిన్న స్కానింగ్ సెంటర్ నడిపేవారు. నేను దోమకొండ నుంచి రోజూ బస్సులో వెళ్లే టెక్నీషియన్‌ని. ఆవిడ పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆవిడ నవ్వితే వరండాలో కూర్చున్న పేషెంట్లూ నవ్వేవారు. ఆమెతో చదువుకున్న హైదరాబాద్ డాక్టరొకరు అప్పట్లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ల మెదడు మీద పరిశోధన చేస్తున్నారు. మెదడులో ఒకచోటి కబురు ఇంకోచోటికి మోసే నరాల పోగులుంటాయి. వాటినే తెల్ల పదార్థం అంటారు. ఆటిజం ఉన్నవాళ్లలో ఆ పోగుల అల్లిక వేరుగా ఉంటుందా అన్నది ఆయన ప్రశ్న. "పిల్లల సంగతి అందరూ అడుగుతారు, పెద్దయినవాళ్ల సంగతి ఎవరడుగుతారు?" అంటూ మేడమ్ కొన్ని స్కాన్లు తీసి పంపడానికి ఒప్పుకున్నారు.

అలా ఎల్లారెడ్డి నుంచి నర్సింలు వచ్చాడు. ముప్పై దాటినవాడు. రైస్ మిల్లులో బస్తాలు కుట్టే పని. మాట తక్కువ, ఎదుటివాళ్ల మొహం చూడడు. వెంట వాళ్లమ్మ లచ్చవ్వ.

"నేను చెప్తున్న గద, తియ్యిండ్రి. వాని తలకాయల ఏమున్నదో తెలుస్తే మందియ్యొచ్చు" అందామె.

మేడమ్ ఆమె పక్కన కూర్చున్నారు. "అవ్వా, ఇది మందు కోసం కాదు. శానమందివి చూస్తే గాని మాకే సమజ్ గాదు. నీ కొడుక్కు దీంతోని లాభం లేదు. అయినా సరేనంటే, నర్సింలునే అడుగుత."

నర్సింలు మిషన్ గదిలోకి తొంగి చూశాడు. మోత మొదలవగానే చెవులు మూసుకుని, "నేను పోత" అని బయటికి నడిచాడు. లచ్చవ్వ చెయ్యి పట్టి లాగబోతే మేడమ్ ఆపారు. "పోనియ్యవ్వా. వద్దంటే వద్దే."

ఆ ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆవిడే ఎల్లారెడ్డి బస్సెక్కారు. చెవులు చిల్లులు పడే మిల్లు హోరులో నర్సింలు హాయిగా బస్తా కుడుతున్నాడు!

"గీ మోతకు లేని భయం మా మిషన్‌కెందుకు నర్సింలూ?" అని అడిగారు మేడమ్.

అతడు కుట్టు పూర్తిచేసి దారం తెంపాడు. "చప్పుడుకు భయం లేదు. మీది చెప్పకుంట వస్తది. ఎప్పుడు ఆగుతదో ఎర్కలేదు."

మేడమ్ మొహం వెలిగిపోయింది. బయటికి పిలిచి, ఫోన్లో రికార్డు చేసి తెచ్చిన మోతలన్నీ వరుసగా వినిపించారు. ఏది ఎంతసేపు వస్తుందో చెప్పారు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. అంతా విన్నాక షరతు పెట్టాడు: "ముందు మీరు పండుండ్రి. నేను చూస్త."

తర్వాతి వారం ఆవిడ నిజంగానే పడుకున్నారు. నా పక్కన కూర్చుని అద్దంలోంచి చూస్తున్న నర్సింలు ఉన్నట్టుండి, "మేడమ్ కదిలిన్రు" అన్నాడు. తెర మీద బొమ్మంతా అలుక్కుపోయింది. "ముక్కు దురద పెట్టిందయ్యా!" అని లోపల్నుంచి కేక. నర్సింలు నవ్వగా అప్పుడే మొదటిసారి చూశాను. లచ్చవ్వకైతే కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. అతడి వంతు వచ్చినప్పుడు ప్రతి మోతకూ ముందు నేను మైకులో చెబుతూ పోయాను. నర్సింలు రాయిలా కదలకుండా పడుకున్నాడు.

కొన్నాళ్లకు హైదరాబాద్ నుంచి ఆ స్కాన్‌తో తయారుచేసిన రంగుల బొమ్మ వచ్చింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పోగులు. లచ్చవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీంట్ల తప్పేడున్నది బిడ్డా?"

"నాకైతే కనపడ్తలేదవ్వా. ఒక్కని బొమ్మ చూసి ఎవ్వరూ ఏం చెప్పలేరు" అన్నారు మేడమ్.

నర్సింలు ఒక నీలం పోగు వెంట వేలు పోనిచ్చాడు. "ఇదంత నాదేనా?"

"నీదే."

"మంచిగ కుట్టిన్రు" అన్నాడు.

మేడమ్ దగ్గర నేను మిషన్ పని నేర్చుకున్నాను. దానికంటే ఎక్కువగా, ఎవరి ఒంటి సంగతి వాళ్లనే అడగడం నేర్చుకున్నాను. మొన్న స్కాన్ గది గుమ్మంలో ఒక కూతురు తల్లి తరఫున అన్నీ తానే చెబుతోంది. నేను వంగి ఆ పెద్దావిడనే అడిగాను: "లోపలికి పోయే ముందు నీకేమన్న కావాల్నా అవ్వా?"

ఆమె కూతురి వైపు ఓసారి చూసింది. "మా బిడ్డను జెర బయట కూసోబెట్టు" అంది.

కూసోబెట్టాను.