లోకల్ రైలుకు లారీ రంగులు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. పాత వస్తువు మీద ప్రేమంటే దాన్ని కొత్తదానిలా మార్చెయ్యడమేనని. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. సరిగ్గా అప్పుడే, బొంబాయిలో ముప్పై ఏళ్లు కరెంటు లోకల్ రైళ్లు నడిపి రిటైరై జగ్గయ్యపేట చేరిన మా పెదనాన్న, తుక్కుకు పోతున్న ఒక పాతకాలపు లోకల్ పెట్టెను కొని, ట్రైలర్ మీద తెప్పించి, ఊరి బయట తన పత్తిచేను పక్కన దింపించాడు. (పెద్దమ్మ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.) మా వైపు పిల్లలు అలాంటి రైలెక్కి చూడాలని ఆయన కోరిక. అందులో లైట్లు వెలిగించి, ఫ్యాన్లు తిప్పడం నా మొదటి ఉద్యోగం.

ఆ పెట్టెకు ఒకటే లోటు. డ్రైవరు క్యాబిన్లో బండిని నడిపే ఇత్తడి హ్యాండిలును ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయారు. అది లేకపోతే ఇది రైలు కాదు, రేకుల గది అనేవాడు పెదనాన్న. పాత రైళ్లను కాపాడే పెద్దమనుషులు ఇద్దరు బొంబాయిలో ఉన్నారు. వాళ్ల దగ్గర అలాంటి హ్యాండిలు ఒకటుంది. పెట్టెను పాతదానిగానే ఉంచామని కళ్లారా చూస్తే ఇస్తామన్నారు. వాళ్లను వెంటబెట్టుకు రావడానికి వెళ్తూ పెదనాన్న నాతో, "తుప్పు గోకు, దుమ్ము తుడువు. అంతకుమించి చెయ్యి పెట్టమాకరా" అన్నాడు.

నేను పెట్టాను. (నా చెయ్యి చాలదని నందిగామ నుంచి మా మేనమామ చెయ్యి కూడా పెట్టించాను.) మామయ్య లారీలకు రంగులేసే పెయింటరు. చుట్టాలొస్తున్నారంటే ఇంటికి వెల్ల వేస్తాం కదా, రైలుకెందుకు వెయ్యకూడదన్నది నా వాదన. మామయ్యకు వాదనతో పనిలేదు, రేకు కనిపిస్తే చాలు. నాలుగు రోజుల్లో పెట్టెంతా చిలకాకుపచ్చ అయింది. పక్కల మీద తామరపూలు, చిలకలు, ముందు భాగాన రెండు పెద్ద కళ్లు, వెనక హారన్ కొట్టమని వినతి. దిష్టికి నిమ్మకాయలూ మిరపకాయలూ నేనే కట్టాను. కట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని పొంగిపోయాను.

పెదనాన్న కారు దిగి పెట్టెను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. గట్టు మీద కూలబడి, "హ్యాండిలు పోయిందిరా" అన్నాడు మెల్లగా. అంతకన్నా ఒక లెంపకాయ కొట్టినా బాగుండేది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

వచ్చినవాళ్లలో ఒకాయన చిలకల్ని చూసి కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. రెండో ఆయన నవ్వలేదు. జేబులోంచి చాకు తీసి, తలుపు పక్కన అరచేతంత మేర గోకాడు. మామయ్య ఆకుపచ్చ లేచింది. దాని కింద పసుపు, పసుపు కింద గోధుమ రంగు, అన్నిటికన్నా అడుగున ముదురు ఎరుపు. పెదనాన్న లేచొచ్చి ఆ ఎరుపును వేలితో తడిమాడు. ముప్పై ఏళ్లలో ఆ రంగును ఆయనా ఎన్నడూ చూడలేదట. పెట్టె పుట్టినప్పటి రంగు అదేనని, దానికి గాయం కాకుండా మొత్తం బయటికి తీస్తే హ్యాండిలు ఇస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు.

"ఇంత చక్కటి చిలకల్ని గోకించేస్తారా బావగారూ?" అని మామయ్య వాపోయాడు. కానీ గోకడం నేర్పిందీ ఆయనే. "పై పొర లేవాల, కింద పొరకి తెలవకూడదు అల్లుడూ" అంటూ నా చెయ్యి పట్టుకుని చూపించాడు. మూడు నెలలు గోకాను. నా కళ కాకపోయినా, చివరి చిలక పోయిన రోజు నాకూ బాధేసింది.

హ్యాండిలు వచ్చింది. ఇప్పుడు పెనుగంచిప్రోలు నుంచి కూడా పిల్లలు ఆటోల్లో వచ్చి ఆ ఎర్ర రైలెక్కుతున్నారు. పాత పెట్టెల రంగు పొరలు విప్పడమే నా వృత్తయింది. కానీ నాకు బాగా గుర్తున్నది హ్యాండిలు బిగించిన రోజే. పెదనాన్న యూనిఫాం వేసుకొచ్చి, గొంతు సవరించుకుని, దాన్ని మెల్లగా తిప్పాడు. పైన కరెంటు తీగ లేదు, కింద మోటారు లేదు, బండి కదలదని నాకన్నా బాగా తెలిసినవాడు లేడు. అయినా పక్కన నిలబడ్డ నేను, పడిపోకుండా కిటికీ ఊచను గట్టిగా పట్టుకున్నాను. నాలోని ఆనాటి కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వాడి మీద బోలెడంత ముద్దూ వస్తుంది.