ఎడమ తలుపు మీద పొక్కుల్లేవు

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు హన్మకొండలోని ఒక కార్ల వర్క్‌షాపులో పెయింట్ సెక్షన్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. నా కింద ఆరుగురు పెయింటర్లు, పైన వర్క్స్ మేనేజర్. ఆ వానాకాలం చివర్లో సుబేదారిలో ఉండే బట్టల వ్యాపారి రాజేశం గారి కారు మళ్లీ మా గేటు ముందుకు వచ్చింది. వాళ్ల నాన్నగారు కొన్న పాతకాలపు బండి. ఇనుప రేకు కాదు, ఫైబర్ బాడీ. నాలుగు నెలల క్రితం మేమే ఎర్ర రంగు వేసి పంపాం. ఇప్పుడు బానెట్ నిండా, టాపు నిండా కందిగింజలంత పొక్కులు.

మేనేజర్ ఒక్క చూపులో తేల్చేశారు: నీళ్లు పోసి రుద్దాక సరిగా ఆరబెట్టకుండా రంగు కొట్టారని. కొట్టింది సాంబయ్య, మా షెడ్డులో అందరికంటే పాత పెయింటరు. అతన్ని పనిలోంచి తీసేసే కాగితం మీద నా సంతకం కావాలన్నారు. సాంబయ్య ఒక్క మాటే అన్నాడు.

"రెండు దినాలు ఎండల పెట్టిన సార్. నీళ్లయితే కాదు."

కారణం తెలియకుండా సంతకం పెట్టమంటే నాకు ఒళ్లు మండింది. వారం గడువు అడిగి తీసుకున్నాను.

ముందు ఒక పొక్కును బ్లేడుతో కోశాను. రంగు కింద తడి ఉండిపోతే రంగు మాత్రమే లేస్తుంది, దానికి ముందు పూతగా కొట్టే ప్రైమర్ గట్టిగానే ఉంటుంది. ఇక్కడ ప్రైమర్ కూడా లేచింది. దాని కింద ఫైబర్‌కు ఉండే నున్నటి పైపొర మెత్తబడి గోటికి ఊడివచ్చింది, ఘాటుగా మందు వాసన. తర్వాత ప్రతి పొక్కు చుట్టూ చాక్‌పీసుతో గీత గీశాను. బండి నిండా గీతలే, ఎడమ తలుపు మీద మాత్రం ఒక్కటీ లేదు. అదే రంగు, అదే రోజు, అదే చెయ్యి.

ఆ బండికి ఏ పని ఎలా చేయాలో నేను రాసిచ్చే జాబ్ కార్డు తెప్పించాను. పాత రంగును కరిగించి ఊడదీసే రిమూవర్ డబ్బాలు రెండు స్టోర్ నుంచి వచ్చాయి. ఎడమ తలుపు దగ్గరికి వచ్చేసరికి అవి అయిపోతే సాంబయ్య ఆ తలుపును ఎమ్రీ కాగితంతో గీకాడు. రేకు మీద రిమూవర్‌ను తుడిచేస్తే పోతుంది. ఫైబర్ దాన్ని తాగుతుంది, తాగింది ఎండలకు పైకి తంతుంది. కార్డు మీద "తొందర పని, రిమూవర్ వాడండి" అని ఉంది. అది నా చేతిరాత. ముప్పై ఏళ్లు రేకు మీద పనిచేసిన ధీమాతో రాసిన రాత.

సిగ్గేసింది. ఆ కార్డు అరగంట నా టేబుల్ మీదే ఉంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వానల మీద తోసేస్తే అడిగేవాడు లేడు. అయినా తీసుకెళ్లి మేనేజర్ ముందు పెట్టాను. సాంబయ్య మీది కాగితం చిరిగింది, నా మీద మెమో వచ్చింది.

ఇక బాగుచేయడం. సాంబయ్యా నేనూ కలిసి రంగంతా పొడిగానే గీకాం, మెత్తబడిన పొరను తీసేశాం, కడిగి ఎండబెట్టాం. ఆరిందో లేదో తెలియడానికి ఒక పద్ధతి ఉంది: పలచటి ప్లాస్టిక్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఎండలో ఉంచితే, లోపల తేమ ఉంటే ఆవిరి కనిపిస్తుంది. రెండుసార్లు కనిపించింది. దసరాకు బండి కావాలని రాజేశం గారు పట్టుబట్టారు. ఇవ్వనన్నాను. ఆయన విసుక్కుంటూనే షెడ్డుకు వచ్చి, రంగులేని బండికే పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకుని వెళ్లారు. మూడోసారి ఆవిరి రాలేదు. అప్పుడు ప్రైమర్ కొట్టాం.

ప్రైమర్ ఆరుతుండగా సాంబయ్యను అడిగాను, మేనేజర్ తప్పు అతని మీద వేసినప్పుడే రిమూవర్ సంగతి ఎందుకు చెప్పలేదని.

"రిమూవర్ మీరే కొట్టమన్నరు సార్. అది చెప్తే, నీ తప్పు సార్ మీద ఏస్తున్నవా అంటరు."

నేనే అలా అనేవాణ్ణి. మిగిలిన రెండేళ్లూ ఏ పని చెడినా మొదట నేనిచ్చిన ఆర్డరు తీసి చదివాను. పెయింటర్లను ఆ తర్వాతే అడిగాను.