కన్యాకుమారికి బయలుదేరిన సంచి

కోరుట్లలో దేవేందర్ అంత తిరిగినవాడు లేడు, అంత కదలనివాడూ లేడు. పద్నాలుగేళ్లుగా స్కూలు వ్యాను నడుపుతున్నాడు. పొద్దున ముత్యంపేట దాకా పోయి పిల్లల్ని ఎక్కించుకొస్తాడు, సాయంత్రం అవే గుంతల్లోంచి తీసుకుపోయి దించుతాడు. అన్ని కిలోమీటర్లూ ఒకే దిక్కుకు పోయి ఉంటే భూగోళాన్ని చుట్టి వచ్చేవాడు. ఇంతవరకూ నిజామాబాద్ దాటలేదు.

అలాంటివాడు మూడేళ్ల కింద, ఎవరో కుర్రాడు బైకు మీద కన్యాకుమారికి పోవడం ఫోన్లో చూసి, "మనిద్దరం గూడ పోదాం" అని భార్యతో అన్నాడు. మామూలుగా అయితే అన్నవాడు మరిచిపోయే మాటే. కానీ విన్నది స్వరూప.

స్వరూప బీడీలు చుడుతుంది. పుట్టిల్లు సిరిసిల్ల. మానేరు చూసింది, ధర్మపురిలో గోదావరి చూసింది, మిడ్ మానేరు డ్యాం నిండిందంటే బోయినపల్లి దిక్కు పోయి ఆ నీళ్లూ చూసింది. అన్నిటికీ అవతలి ఒడ్డు కనబడింది. అవతలి ఒడ్డు లేని నీళ్లు ఒక్కసారి చూడాలని ఆమె కోరిక. కూతురు గీత పుట్టాక మొగుణ్ణి ఆమె అడిగింది అదొక్కటే.

దేవేందర్ ఏర్పాట్లు మొదలుపెట్టాడు. మొదటి ఏడు హెల్మెట్ కొన్నాడు. రెండో ఏడు దానికి కెమెరా బిగించే క్లిప్పు కొన్నాడు, కెమెరా లేదు. మూడో ఏడు ట్యాంకు మీద 'కోరుట్ల టు కన్యాకుమారి' అని స్టిక్కర్ వేయించాడు. హోటల్ కాడ అది చూసి "అన్నా, ఎప్పుడచ్చినవే?" అని అడిగేవాళ్లకు "ఇంక పోవుడున్నది" అని చెప్పుకోలేక చచ్చేవాడు. బైకుల గ్రూపులో కూడా చేరాడు. జగిత్యాల దాకా పోయి చాయ్ తాగి ఫొటో దిగి రావడమే ఆ గ్రూపు చేసిన అతి పెద్ద సాహసం.

ఈ ఏడు మే నెలాఖరున ముహూర్తం కుదిరింది. గురువారం పొద్దున ఐదింటికి. గీత సెలవులకు సిరిసిల్లలో అమ్మమ్మ దగ్గరుంది. బుధవారం సాయంత్రం స్కూలు నుంచి ఫోనొచ్చింది, తెల్లారి వ్యానును ఫిట్‌నెస్‌కు జగిత్యాల తీసుకుపోవాలని. దేవేందర్ పోయి, ముహూర్తం పెట్టిన అయ్యగారిని అడిగాడు. మన దగ్గర ప్రతి ఆటంకానికీ శాస్త్రముంటుంది. మనుషులు కదలలేకపోతే, ఆ గడియకు సంచిని పంపి, పోవాల్సిన దిక్కునున్న ఇంట్లో ఉంచితే చాలునట. ప్రయాణం మొదలైనట్టే. వీలైన రోజు అక్కణ్నుంచే సంచి అందుకొని పోవచ్చు.

దక్షిణాన మూడో ఇల్లు, కల్లుకు తాటిచెట్టెక్కడం మానేసిన ముసలి గౌడు రాజలింగానిది. గురువారం ఐదింటికి సంచి అక్కడ చేరింది. మూడేళ్ల ప్రయత్నంలో కన్యాకుమారి నలభై అడుగులు దగ్గరైంది.

శుక్రవారం తెల్లవారేసరికి రాజలింగం చనిపోయాడు.

"మైలింట్ల పడ్డది సంచి" అన్నాడు దేవేందర్. "పదకొండు దినాలు ముట్టద్దు. గంతల బడి తెరుస్తరు. మన నసీబ్ గిట్లున్నది. అచ్చే ఎండకాలం జూద్దాం."

స్వరూప అతని మొహంలో బాధ కోసం వెతికింది. వ్యాను ఫిట్‌నెస్ పాసైన రోజు ఉన్న మొహమే అది. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న సాకు ఆఖరికి ఊరంతా ఒప్పుకునే రూపంలో దొరికింది అతనికి.

మూడో నాడు పొద్దున, పోయినాయన పేరు మీద పిట్టకు ముద్ద పెట్టడం అయ్యాక స్వరూప ఆ ఇంటికి పోయింది. రాజలింగం పెండ్లాం కొమురమ్మ గోడకానుకొని కూర్చుంది.

"అవ్వా, సంచి కొండవోదామని అచ్చిన."

"మైల సంచి ఎట్ల కొండవోతవే? సిగ్గుండాలె" అంది పక్కింటి శోభ.

కొమురమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సంచికేం మైలనే? సచ్చింది మా ముసలాయన గని, గా సంచా? కొండవో బిడ్డా. ఇంక రెండు దినాలుంటే మా కోడి దాన్ల గుడ్లు పెట్టేటట్టున్నది."

స్వరూప సంచి భుజానేసుకొని బయటికొచ్చింది. తమ ఇంటి గడపలో దేవేందర్ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"మైల ముట్టినవ్! తానం జెయ్యక ఇంట్లకు రాకు."

"ఇంట్లకు ఎవరస్తున్నరు?" అంటూ ఆమె సంచిని బైకుకు కట్టింది. "తానం సముద్రంల జేస్త. ఓ గీత నాయినా, బండి తీస్తవా, పదింటి కరీంనగర్ బస్సుకు నేనొక్కదాన్నే నడువాల్నా?"

వాడంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది. దేవేందర్ తాళం చెవి కోసం ఒక్కో జేబూ తడుముకున్నాడు, దొరకకపోతే బాగుండునన్నంత నెమ్మదిగా. ఆఖరి జేబులో దొరికింది. స్వరూప అప్పటికే వెనక సీటెక్కి కూర్చుంది.