వంటగది వైపు కిటికీ

శామీర్‌పేట చెరువు కట్ట కింద పాత చావడిలో ఆ వానాకాలం ఉన్నవాళ్లం, ఉన్నవి ఇవి. నేను, ఓవర్సీరుని, వయసు ఇరవై మూడు. అత్వెల్లి నుంచి వచ్చి, వారానికోసారి ఇంటికి వెళ్లే ముసలాయన, మాకందరికీ తాత, కొలత గొలుసు పట్టడం ఆయన పని. శామీర్‌పేటలోనే ఇల్లున్న నిలువుకర్ర మనిషి. నేను యంత్రంలోంచి చూస్తుంటే అంకెలు వేసిన పొడవాటి కర్రను కదలకుండా నిటారుగా పట్టుకునేవాడు. మేడ్చల్ నుంచి వచ్చిన వంటాయన, యాభై దాటినవాడు. కట్ట ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ యంత్రం ఒకటి. ఇరుసు వంగిన సైకిలు ఒకటి. బియ్యం మూట, జొన్నపిండి మూట, చింతపండు కుండ, ఎండుమిరపకాయల రేకు డబ్బా. తాత తలరుమాలు కొసన ముడివేసి ఉంచుకునే పచ్చిమిరపకాయలు నాలుగు.

చావడిలో మూడు గదులు వరుసగా ఉండేవి. తూర్పు కొసన వంటగది, మధ్యలో నా గది, పడమటి కొసన సామాను గది. వంటగదికీ నా గదికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది, దానికి రెక్క లేదు. తెల్లవారి పొయ్యి మీద నూనె కాగి అందులో మిరపకాయలు పడగానే ఆ ఘాటు నేరుగా నా మంచం మీదికి వచ్చేది. నేను దగ్గుతూ లేచేవాణ్ణి. పొద్దున వండిన కూరే మధ్యాహ్నం మా వెంట కట్ట మీదికి వచ్చేది. అందరికీ ఒకటే కుండ.

మా ఇల్లు నగరంలో. నాయినకు కడుపులో పుండు. ఆయన తినలేనిది ఇంట్లో ఎవరూ తినకూడదని అమ్మ నియమం పెట్టింది. పెసరపప్పు, సొరకాయ, మజ్జిగ. ఇరవై ఏళ్లు అదే తిని పెరిగిన నాలుక నాది. అయినా మొదటి రెండు వారాలు వంటాయన కూర నన్ను ఇబ్బంది పెట్టలేదు. ముక్కు కొద్దిగా తడి అయ్యేది, అంతే. తాత మాత్రం రోజూ రుమాలు ముడి విప్పి, కూర ముద్దతో పచ్చిమిరపకాయ కొరికేవాడు.

"ఏంది దొరా గీ కూర? దవఖానల పెట్టినట్టున్నది," అనేవాడు.

మూడో వారంలో నాకు అనుమానం మొదలైంది. దానికి కారణం నా అలవాటే. ఏదైనా లెక్కపెట్టకుండా ఉండలేను. వంటాయన నీళ్లకు వెళ్లినప్పుడు రోజూ రేకు డబ్బాలో మిరపకాయలు లెక్కపెట్టి లెవెల్ పుస్తకం వెనక పేజీల్లో రాశాను. మొదటి రోజు తగ్గినవి తొమ్మిది. రెండో రోజు పద్నాలుగు. మూడో రోజు పదకొండు. తినేవాళ్లం నలుగురమే, కూరగాయ ఇంచుమించు అంతే, కారం కూడా నా నాలుకకు అంతే. మరి అంకె ఎందుకు మారాలి? ఎక్కువైనవి ఇంటికి పోతున్నాయని నిశ్చయించుకున్నాను. యుద్ధం రోజులవి. సరుకులు దొరకడం కష్టం. ఏ సంతలో ఏ మిరపకాయ దొరికితే అది తెచ్చుకునేవాళ్లం.

అందుకని మంచం పడమటి గదిలోకి మార్చుకున్నాను. అక్కడి తలుపులోంచి వంటగది పెరటి గుమ్మం కనిపిస్తుంది. ఎవరు ఏం పట్టుకుని బయటికి వెళ్లినా నాకు తెలుస్తుంది. ఘాటు అంతదూరం రాదు, దగ్గు కూడా తప్పిందని సంతోషించాను.

మంచం మార్చిన మర్నాటి నుంచే కూర మండడం మొదలుపెట్టింది. తగ్గిన మిరపకాయలు పదిహేడు, తరువాత పంతొమ్మిది, తరువాత ఇరవై రెండు. పక్కన ఇంకో గడి గీసి, నేను తాగిన నీళ్లు కూడా రాశాను. మూడు చెంబులు, నాలుగు, నాలుగు.

ఆ రోజు చెరువు నిండితే నీళ్లు పొర్లే మత్తడి రాళ్ల మీద కూర్చుని తింటున్నాం. బీరకాయ కూర. రెండో ముద్దకే నా చెవులు వేడెక్కాయి.

"ఎట్లున్నది తాతా?"

"గిప్పుడు కూర లెక్కున్నది," అన్నాడు తాత. "మొన్నటిదాంక నా రొట్టె సిగ్గువడుతుండె."

"నాకు నోరు మండుతున్నది."

"మండకపోతె అది కూరెట్లయితది? మండాలె, ముక్కు కారాలె, గప్పుడు గొంతుల రొట్టె కదులుతది."

నిలువుకర్ర మనిషి నవ్వాడు. "తాతది నాలికె కాదు సాబ్, చెప్పుల తోలు. మా ఇంట్ల చింతపండు ఖట్టా మస్తు, మిర్చి కమ్. నాకు గూడ జర తేజే ఉన్నది. నీళ్లు తాగకున్రి, ఇంక ఎక్కుతది. ఉప్పు కల్లు నాలికె మీద పెట్టుకోన్రి."

"నీ పులుసు తాగితె పండ్లు ఊడుతయి పో," అన్నాడు తాత.

"నీకు ఊడెటందుకు పండ్లేడున్నయి?"

వాళ్లు అలా ఒకరినొకరు అంటుంటే నేను తాత తలరుమాలు చూశాను. కొసన ముడి లేదు.

"పచ్చిమిరపకాయలేవి తాతా?"

"ఇగ వాటితోని పనేముంది?"

ఆ మాట నాకు మామూలుగా వినిపించలేదు. ఆ సాయంత్రం పుస్తకంలో మూడు విషయాలు రాసుకున్నాను. ఒకటి, పదిరోజుల కింద అన్నంలో రాయి తగిలితే వంటాయనను అందరి ముందూ మందలించాను; కక్షకు కారణం ఉంది. రెండు, ఉప్పు ఒక్కరోజు కూడా తప్పలేదు. చెయ్యి తెలిసినవాడే, కాబట్టి కారం పొరపాటు కాదు. మూడు, పచ్చిమిరపకాయలు అక్కర్లేదని తాతకు ముందే తెలుసు. ఇద్దరూ మాట్లాడుకున్నారు. నన్ను ఇక్కణ్ణుంచి పంపేయాలని చూస్తున్నారు.

మేడ్చల్‌లో ఉన్న పై అధికారికి ఉత్తరం రాశాను. వంటమనిషిని వెంటనే తొలగించి వేరే మనిషిని పంపవలెను, కారణములు ఇవి, అని వరుసగా వేసి, కవరు అంటించి నిలువుకర్ర మనిషికి ఇచ్చాను. మర్నాడు మేడ్చల్ సంత. అతను పొద్దున్నే సైకిలు మీద వెళ్తాడు.

ఉత్తరం దేనికోసమో ఇచ్చేటప్పుడే అతనికి చెప్పాను, ఆ సంగతి వంటాయనకు చేరింది. దీపం పెట్టే వేళకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"దొరా, నన్ను తీసెయ్యమని రాసిన్రట."

"రాశాను."

"మేడ్చల్ల రెండిండ్లల్ల పని పోయింది. ఇది మూడోది. ఇది గూడ పోతె ఇగ నన్ను పొయ్యి కాడికి ఎవలు రానియ్యరు. ఇంటికాడ నేను, మా ముసల్ది, ఇద్దరమే. తెచ్చేది నేనే."

"ఆ రెండు ఇళ్లల్లో ఎందుకు పోయింది?"

ఆయన గోడ వైపు చూశాడు. "కారం," అన్నాడు.

నాకు ఇంకేం కావాలి? ఇది ఈయన పాత అలవాటన్నమాట. ఆయన "తానానికి నీళ్లు వెడుదునా?" అని అడిగి, వద్దంటే వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారక ముందే లేచాను. ఉత్తరంలో అన్నీ నా ఊహలే ఉన్నాయి, కళ్లతో చూసింది ఒక్కటీ లేదు. అది నాకు నచ్చలేదు. చినుకులు పడుతున్నాయి. వంటగది పెరటి గోడ పక్కన, తలుపు సందులోంచి పొయ్యి కనిపించే చోట నిలబడ్డాను.

వంటాయన నూనె పోశాడు. పొగ లేచింది. రెండు మిరపకాయలు తుంచి వేశాడు. ఆగాడు. తల పక్కకు వంచి, నా పాత గది వైపు కిటికీకి చెవి పెట్టాడు. ఆ గదిలో ఎవరూ లేరు. ఇంకో రెండు వేశాడు. మళ్లీ చెవి పెట్టాడు. ఎవరి సైగ కోసం చూస్తున్నాడు? తాత ఆ గదిలో దాక్కున్నాడా అనుకున్నాను. కాని తాత బయట పందిరి కింద గురక పెడుతున్నాడు, నాకు వినిపిస్తూనే ఉంది.

ఘాటు తలుపు సందులోంచి నా మొహం మీదికి కొట్టింది. గొంతులో దురద మొదలైంది. దగ్గితే దొరికిపోతాను. తుండుగుడ్డ నోట్లో కుక్కుకున్నాను. పది. పన్నెండు. కళ్లలో నీళ్లు. పద్నాలుగు. ఆయన వేస్తున్నాడు, వింటున్నాడు. పదహారు. ఆయన మొహంలో కక్ష లేదు. కిందటి సంవత్సరం పరీక్షలో జవాబు తట్టక నేను ఎలా కూర్చున్నానో అలా ఉన్నాడు. పద్దెనిమిది. ఒక్కసారి కూడా గరిటె నాలుకకు తగిలించలేదు. పంతొమ్మిది.

అక్కడ నా వల్ల కాలేదు. గట్టిగా దగ్గాను.

వంటాయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. అందులో ఉన్న మిరపకాయ తిరిగి డబ్బాలో వేశాడు. గిన్నె దించాడు. అప్పుడు గాని దగ్గు పెరట్లోంచి వచ్చిందని ఆయనకు తట్టలేదు. తలుపు తీశాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నా చేతిలో తుండుగుడ్డ ఉంది.

"నువ్వు దేనికోసం వింటున్నావు?" అని అడిగాను.

ఆయన గిన్నె మీద మూత పెట్టాడు. తరువాత పొయ్యి ముందు కూలబడ్డాడు.

"నాలికె సచ్చిపోయింది దొరా. ముప్పై ఏండ్లు తంబాకు, సున్నం. పొగకు ముక్కు గూడ పోయింది. ఎంత కారమేసినా నాకు ఎర్కయితలేదు."

"మరి ఉప్పు?"

"ఉప్పు యాడిదైన ఒక్కటే. చెయ్యికే తెలుస్తది. మిరపకాయ అట్ల కాదు. ఒక సంతది నిప్పు, ఇంకో సంతది గడ్డి. ఇంటికాడ మా ముసల్ది దగ్గితె ఆపుతుంటి. గా రెండిండ్లల్ల దగ్గెటోళ్లు లేకుండె. ఈడ మీ దగ్గు మంచిగ దొరికింది. మొదటి దగ్గుకు ఆపుతె సరిపోతుండె. మీరు మంచం జరిపిన్రు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నాలికె లేని వంటోన్ని మీరు ఉంచుకుందురా?"

నిజం చెప్పాలంటే ఉంచుకునేవాణ్ణి కాదు. తొమ్మిది, పద్నాలుగు, పదకొండు. ఆ మూడు రోజులూ కూర ఒకే కారంగా ఉంది. అంకె మారింది మిరపకాయలు మారినందుకే. నేను కాయలు లెక్కపెట్టాను, ఆయన ఘాటు కొలిచాడు. రెండు వారాలకు పైగా ఆయన కొలత తప్పలేదు. చెడగొట్టింది నా మంచం.

బయట సైకిలు చక్రానికి గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది. పరుగెత్తాను. నిలువుకర్ర మనిషి ఒక కాలు తొక్కుడు మీద పెట్టి ఉన్నాడు.

"ఆ చిట్ఠీ ఇటివ్వు."

అతను జేబులోంచి తీసి ఇచ్చి, నా ఎర్రటి కళ్లు చూశాడు. "ఏంది సాబ్, కూర పాసయిందా?"

"సైకిలు పక్కన పెట్టి మంచం పట్టు. మధ్య గదిలో వేద్దాం."

"మల్ల ఘాటు గదికేనా?"

"పడమటి గది కురుస్తున్నది," అన్నాను. అది అబద్ధం. చావడిలో కురవని గది అదొక్కటే. అతను ఆ గదిలోకి వచ్చి పైకప్పు చూశాడు, పొడిగా ఉన్న నేల చూశాడు, నన్ను చూశాడు. మంచం కోడు పట్టుకున్నాడు.

మర్నాడు నేను ముందే మేలుకుని, కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. ఘాటు వచ్చింది. దగ్గాను. అవతల గిన్నె దించిన చప్పుడు.

మధ్యాహ్నం తూము దగ్గర తింటున్నాం. వంకాయ కూర. నా ముక్కు కొద్దిగా తడి అయింది, అంతే. తాత ఒక ముద్ద నమిలి, ఇంకోటి నమిలి, రొట్టె కింద పెట్టాడు.

"మల్ల డబ్బకు తాళం వడ్డది," అన్నాడు.

"తాళమేంది తాతా?"

"మాకు ఎర్కలేదా దొరా? మొదాల గూడ గిట్లనే ఉండె. సర్కారు మిరపకాయలు మిగిలియ్యాలని నువ్వే సప్పగ జేపిచ్చినవ్. నడుమ నాలుగొద్దులు వంటాయన నీ మాట తప్పిండు, తీసేస్తనని చిట్ఠీ రాసి బెదిరిచ్చినవ్. ఇగ అయిపోయింది."

నిలువుకర్ర మనిషి కూడా నా మొహమే చూస్తున్నాడు. మొదటి రెండు వారాలూ వాళ్లిద్దరూ నా మీద ఈ అనుమానంతోనే తిన్నారన్నమాట. నిజం చెబితే ఇది తొలగిపోతుంది. కాని ఆ మాట మేడ్చల్ చేరడానికి ఒక్క సంత చాలు, వంటాయన పని అంతటితో పోతుంది. అందుకని ఒప్పుకున్నాను.

"అవును తాతా. మిగిలించాలి."

"అనుకున్న," అన్నాడు తాత, నిలువుకర్ర మనిషి వైపు తిరిగి. "నేన్జెప్పలే?"

ఆ తరువాత పని ముగిసేదాకా తాత నాతో కొలతల మాటలు తప్ప వేరే మాటలు తక్కువే మాట్లాడాడు. మర్నాడు భోజనాల వేళ తలరుమాలు కొసన ముడి కనిపించింది. నాకు కనబడేలా రాయి మీద పెట్టి విప్పాడు. పచ్చిమిరపకాయలు ఆరు.