గుట్ట కింద కాపలా

గుట్ట ఎక్కిస్తానని నన్ను పిలుచుకొనిపోయి, మా అక్క నన్ను ఎద్దుల దగ్గర కాపలా పెట్టి తానొక్కతే ఎక్కి దిగింది. ఇది అన్యాయం. ఆ రోజే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మా మనవళ్ళు ఈ మాట వింటే నవ్వుతారు. నవ్వనీ. ఏ కొండ చూడాలన్నా వాళ్ళకు మోటారు సైకిలు ఉంది. నాకున్నది ఆ ఒక్క గుట్ట.

మాది హచ్చొళ్ళి దగ్గర ఒక మాగాణి పల్లె. అక్కను రాయదుర్గం పక్క ఇచ్చాం. అక్కడివాళ్ళ లెక్కలో మాది ఉత్తరం. "ఉత్తరానికి పోతాండావా?" అని ఎండాకాలం వచ్చినప్పుడల్లా వాళ్ళత్త అడిగేదట, కోడలిని కాశీకి సాగనంపుతున్నట్టు. కోతలైపోయి, కాలువ బంద్ అయినాక అక్క వచ్చేది. సిరుగుప్పలో బస్సు దిగేటప్పుడు నెత్తిన కొంగు, వంచిన తల. చూసినవాళ్ళు ఎంత సాధువమ్మ అనుకునేవాళ్ళు. ఆ సాధుత్వం మా బండి ఊరు దాటేవరకే.

పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ చేత పని చేయించకపోవడం, అడిగింది కాదనకపోవడం మా ఇంటి పద్ధతి. మా అక్క బండి అడిగేది. బండీ, ఎద్దులూ, వాటితోపాటు నేనూ. ఊళ్ళో ఆడమనిషి పగ్గాలు పట్టకూడదని నాయన ఒక్క షరతు పెట్టాడు. ఊరి బయట సంగతి ఆయన చెప్పలేదు గనుక, పొలిమేర దాటగానే అక్క నా ఎర్ర తలగుడ్డ లాక్కుని తన తలకు చుట్టుకుని, జడ అందులో దోపి, నొగల మీద కూర్చునేది. ఎదురొచ్చే బండివాళ్ళు "ఏం గౌడ్రే, చెన్నాగిద్దీరా?" అని కన్నడంలో పలకరిస్తే గొంతు లావు చేసి "హూఁ" అనేది. నేను తువ్వాలు నోట్లో కుక్కుకుని బండిలో పడి దొర్లేవాణ్ణి. అలా హగరి నది ఇసుకలో కర్బూజాలు తిన్నాం. సిరుగుప్పలో బొరుగుల ఉగ్గానీ, మిరపకాయ బజ్జీ తిని, కారం మంటకు బండి పక్కన నాలుకలు బయటపెట్టుకుని పరుగెత్తాం. దేశనూరు దగ్గర మోకాటి లోతు ఏట్లో ఎద్దులు మొండికేస్తే, వాటి ముందు నిలబడి అక్క భజన పాటలు పాడింది. అవి కదిలింది భక్తితో కాదు, ఆ గొంతు భరించలేకనే అని నా నమ్మకం.

ఇక గుట్ట. మా దిక్కున భూమి అరచెయ్యిలా ఉంటుంది. ఆ చదునులో, కాలువ పక్కనే, ఎవరో గుండ్లు కుప్పపోసినట్టు ఆ రాళ్ళగుట్ట ఉండేది. అంతకుముందు ఏడు, తిరిగి అత్తగారింటికి పోతూ బస్సు కిటికీలోంచి అక్క నాతో అంది: "ఆ గుట్ట ఎక్కితే రాయదుర్గం కొండ కనపడతాది రా. వచ్చే ఎండాకాలం నిన్ను ఎక్కిస్తా." ఆమె పోయిన మర్నాటి నుంచీ మా ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళుండరు. అమ్మ పోయి చాన్నాళ్ళయింది. నాయన ఎద్దులతో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడడు. బడికి పోనివాణ్ణి, బస్సు బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి, నాకు వేరే లోకం లేదు. ఒక్కసారి పైకి దారి తెలిస్తే చాలు, ఆ తర్వాత ఎప్పుడు మనసైతే అప్పుడు ఎక్కి మా అక్క ఉన్న కొండ చూసుకోవచ్చు. ఏడాదంతా ఆ మాట మీదే బతికాను.

కోడి కూయకముందే బండి కట్టాం. ఇనుప పట్టాల చక్రాలు గట్టును పాడుచేస్తాయని కాలువకు కాపలా తిరిగే లష్కరు గట్టు మీదికి బండ్లను రానిచ్చేవాడు కాదు. అందుకని ఎండాకాలం అందరి బండ్లూ ఎండిన కాలువలోనే నడిచేవి. అంత సాఫైన రోడ్డు జిల్లాలో ఇంకొకటి లేదు. చల్లగా, మెత్తగా, రెండు పక్కలా గట్లు. అక్క ఎద్దులను ఉరికించింది. నేను వెనక నిలబడి రెండు చేతులూ చాపాను.

గుట్ట దగ్గర వంతెన నీడలో, కాలువలోనే, ఎద్దులను విప్పాం. అప్పుడు చెప్పింది, ఎద్దులను ఒంటిగా వదలకూడదని, ముందు తాను పోయి దారి చూసొస్తానని, ఆ తర్వాత నేను ఎక్కవచ్చునని. ఇద్దరం పోదామంటే వినలేదు. నేను ఇంకా కొట్లాడుతుండగానే కాసె బిగించి, తొండలా గుండ్ల మీద పాకిపోయింది.

చాలాసేపటికి పైన ఎర్ర తలగుడ్డ కనపడింది. చేతులు ఊపుతోంది, అరుస్తోంది. ఎక్కినానని గొప్పలు పోతోందనుకుని ఒళ్ళు మండి, గుట్టకు వీపు తిప్పి కూర్చున్నాను. ఆమె ఇంకా అరిచింది. నేను ఇంకా బిగుసుకున్నాను.

మొదట ఎద్దులు చెవులు రిక్కించాయి. తర్వాత ఎండుటాకులు తొక్కుతున్నట్టు చప్పుడు. వంపు తిరిగి, గడ్డీ పేడకుప్పలూ ఒక పాత చెప్పూ ముందుకు నెట్టుకుంటూ, నీళ్ళు వస్తున్నాయి. తాగునీళ్ళ కోసం ఊళ్ళ చెరువులకు వదిలారు. ఊళ్ళో టముకు వేశారట, మేం బయల్దేరినాక.

అక్క గుట్ట మీది నుంచి దిగలేదు, జారింది. నేను కాడి ఎత్తితే ఎద్దులు మెడ ఇవ్వవు, నీళ్ళు తాగుతామంటాయి. నీళ్ళు ఇరుసు దాకా వచ్చినాక ఎట్లో కాడి తగిలించి, ఒక ఎద్దును ఆమె, ఒకదాన్ని నేను తోక మెలిపెట్టి బండితో సహా గట్టెక్కించాం. రొట్టెల మూట మా కళ్ళ ముందే వంతెన కింద దూరి వెళ్ళిపోయింది. లష్కరు సైకిలు మీద వచ్చి, "ఏమప్పా, టముకు వేస్తిమి కదా, చెవులు యాడ పెట్టుకోనుండావు?" అని అక్కను దబాయించాడు. ఆమె జవాబివ్వబోతే తలగుడ్డ ఊడి, జడ నడుం దాకా పడింది. ఆయన నోరు తెరిచినవాడు అట్లాగే సైకిలు ఎక్కి పోయాడు. మేమిద్దరం తడిసిన గట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని, ఊపిరాడనంతగా నవ్వాం. గట్టు మీది నుంచి బండిని దించడానికి ఆ నవ్వు ఆగేదాకా ఉండాల్సి వచ్చింది.

నవ్వు ఆగినాక, ఇక నా వంతు అన్నాను. ఎండ ఎక్కిందని, నాయన తంతాడని బండి తిప్పింది. వచ్చే ఏడు చూద్దాం అంది. వచ్చే ఏడు చంకలో బిడ్డ. ఆపైన ఇంకో బిడ్డ. నేనొక్కణ్ణే ఎందుకు ఎక్కలేదంటారా? ఎక్కిస్తానన్న మనిషే ఎక్కించాలి. అది పంతం. ఆ పంతంలో నేనుండగా కంకర మిషన్లు వచ్చి గుట్టనే తినేశాయి. కొండ కనపడిందా అని నేను అడిగినప్పుడల్లా, నీళ్ళే చూసినా అని మాట తప్పించేది.

మొన్న అక్క వచ్చినప్పుడు, ఆమె మనవడి కారులో ఆ దారిన పోతున్నాం. గుట్ట ఉన్నచోట ఇప్పుడు గుంత, గుంతలో పచ్చటి నీళ్ళు. కారు ఆపించాను. చెప్పేదాకా కారు కదలదన్నాను. ఆమె బోసినోటితో చాలాసేపు నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని అప్పుడు చెప్పింది:

"ఏమీ కనపడలేదప్పా. కొండ లేదు, ఏమీ లేదు. ఆ పొద్దు నువ్వు బస్సు కిటికీ ఊచ విడవకపోతే నోటికొచ్చింది చెప్పినా. నిజంగా కనపడతాదేమో చూసుకుందామనే ముందు నేనొక్కతే ఎక్కినా. ఇంగ కిందికి దిగి నీకేం చెప్పల్లబ్బా అని తల పట్టుకోని కూచోనుంటే, అద్దో, నీళ్ళు వస్తాండాయి. ఆ కాలువకు దండం పెట్టుకున్నా రా నేను."