సుబ్బరాయలు కుట్టిన స్మోకింగ్

పుదుచ్చేరిలో ఫ్రెంచి జెండా దిగి ఏడాది దాటింది. జెండాతో పాటు దిగిపోయినవాటిలో సుబ్బరాయలు జీవనోపాధి కూడా ఒకటన్న సంగతిని చరిత్రకారులెవరూ రాసుకున్నట్టు లేదు.

ఇరవై ఆరేళ్ళు అతను ఒక ఫ్రెంచి దర్జీ దొర దగ్గర పనిచేశాడు. దొర కొలతలు తీసేవాడు, మెప్పులు అందుకునేవాడు. ఆ రెంటికీ మధ్య మిగిలిన కొద్దిపాటి పని, అంటే కత్తిరించడం, కుట్టడం, గుండీలు కాజాలు, ఇస్త్రీ, సుబ్బరాయలు చూసుకునేవాడు. దొర ఓడ ఎక్కిపోయాక, తెల్లవాళ్ళ వీధులను వేరుచేసే కాలవకు పడమటి వైపున్న తన ఇంటి అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని పిల్లల నిక్కర్లు కుడుతున్నాడు. ఆ చేతులు నిక్కరుకు నాడా ఎక్కిస్తుంటే చూడలేక భార్య ఆండాళమ్మ ముఖం తిప్పుకునేది.

ఆమె తమ్ముడు నటేశన్ మాత్రం తేరిపార చూసేవాడు. అతను మిల్లులో గుమాస్తా.

"బావా, నెలాఖరు సోమారం మిల్లులో పనోళ్ళను తీసుకుంటా ఉండారు. నూలు కండెలు మోసే పని. నీ పేరు రాయించినా. ఈలోపల నలుగురన్నా నీ దగ్గర దొర కోట్లు కుట్టించుకుంటే సరి. లేదంటే మిషను అమ్మేసి వచ్చెయ్."

"యాభై ఏండ్లకు కండెలు మోసేది ఏందిరా," అంది ఆండాళమ్మ.

"మోసే కొద్దీ వయసు తగ్గతాది లే అక్కా."

సుబ్బరాయలు మిషనుకు నూనె పెట్టసాగాడు. మిషను అమ్మితే మళ్ళీ కొనలేనని అతనికి తెలుసు.

సోమవారానికి పన్నెండు రోజులుందనగా రామభద్రరావు వచ్చాడు. యానాం వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారి. చేతిలో బంగారు అంచు కార్డు.

"సుబ్బరాయలు గారంటే మీరేనాండి?"

సుబ్బరాయలు వెనక్కి తిరిగి చూశాడు. ఇరవై ఆరేళ్ళలో అతని పేరుకు 'గారు' తగిలించినవాళ్ళు లేరు.

"వచ్చే వారం శనివారం ముసలి జడ్జిగారు ఫ్రాన్సు వెళ్ళిపోతూ విందు ఇస్తున్నారండి. బీచి రోడ్డులో వాళ్ళింట్లో. కార్డు మీద స్మోకింగ్ అని వేశారు. ఆఫీసులో ముగ్గుర్నడిగితే మూడు రకాలుగా చెప్పారండి. ఒకాయన, చుట్టలు మనమే పట్టుకెళ్ళాలేమో అన్నారు."

సుబ్బరాయలు చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. కొన్ని విషయాలు కూర్చుని చెప్పకూడదు.

"అది కోటు సార్. సాయంత్రం విందుకు ఏసుకునేది. నల్ల కోటు, కాలరుకు పట్టు, ప్యాంటుకు పక్కన ఒకటే పట్టు పట్టీ, మెడకు నల్ల బో. ముందరి కాలంలో దొరలు తిన్నాక చుట్ట తాగేదానికి వేరే గదికి పోతా ఉండిరంట. నుసి పడితే జారిపోవల్లని కాలరుకు పట్టు ఏసిరి. మా దొర చెప్పిండేది. ఇంగ్లీషోళ్ళ దగ్గర ఈ మాట అంటే మీ ముఖం చూస్తారు, వాళ్ళకది డిన్నర్ జాకెట్టు. అమెరికాలో టక్సీడో అంటారంట. కోటు ఒకటే."

"కానీ మాట ఇంగ్లీషే కదండీ?"

"మాట వాళ్ళది సార్. దాన్ని కోటుకు తొడిగింది ఫ్రెంచోళ్ళు. ఒక్క సంగతి. పొద్దు గూకకముందు ఏసుకోకూడదు. పగలు ఏసుకుంటే హోటల్లో వడ్డించేవాడు అనుకుంటారు."

రామభద్రరావు ఆ క్షణమే కొలతలకు చేతులు చాపాడు.

పది రోజులు అరుగు మీద నిక్కర్లు కనిపించలేదు. దొర వదిలిపోయిన ఆఖరి మెరుపు పట్టు ముక్క కాలరుకు, ప్యాంటు పట్టీలకు సరిగ్గా సరిపోయింది. ఓడల్లో వచ్చే ఆ సరుకు ఇప్పుడు ఊళ్ళో ఎక్కడా లేదు. శనివారం తెల్లారేసరికి కోటు అందింది.

మధ్యాహ్నం మూడింటికి అది తిరిగి వచ్చింది. రామభద్రరావు, ఆయన భార్య నాగకుమారి దాన్ని రిక్షాలో, ఆస్పత్రికి తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు.

"పొద్దున్న తొమ్మిదింటికి మంచి ముహూర్తమండి," అంది నాగకుమారి, కళ్ళెత్తకుండా. "పగలు వేసుకోకూడదన్నారట కదా, అందుకని దేవుడి దగ్గర పెట్టి మూలలకి పసుపు మాత్రం పెట్టాను. పంచెకైతే మూలలు తెలుస్తాయండి. కోటుకి ఏవి మూలలో తెలియక, ఎదురుగా కనబడ్డవాటికి పెట్టేశాను. తర్వాత భయమేసి సబ్బుతో రుద్దాను."

ఎదురుగా కనబడ్డ మూలలంటే పట్టు కాలరు కొసలు రెండూ. పసుపు పోయింది. దానితో మెరుపూ పోయి, రూపాయి బిళ్ళలంత రెండు మచ్చలు తేలాయి.

సుబ్బరాయలు ఆమెను ఏమీ అనలేకపోయాడు. తన ఇంట్లో లంగోటీకైనా పసుపు పెట్టందే ఎవరూ తొడగరు. ఇరవై ఆరేళ్ళు పసుపు ఎరగనివాళ్ళకు కుట్టీ కుట్టీ, మనవాళ్ళు కొత్త బట్టను ఏం చేస్తారో తనే మరిచిపోయాడు. లోపలి జేబులో ఒక తెల్లగుడ్డ ముక్క కుట్టి, 'పసుపు ఇక్కడ పెట్టుకోమ్మా' అని చెప్పి ఉంటే సరిపోయేది.

"తప్పు నాది లేమ్మా," అని లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో గొడుగు ఉంది.

అది దొర వెళ్తూ ఇచ్చిన గొడుగు. అసలైన నల్ల పట్టు. దాన్ని సుబ్బరాయలు ఇంతవరకు తెరవలేదు. తెరిస్తే తడుస్తుందని భయం. వాన పడ్డప్పుడు ధోవతి చెంగు నెత్తిన వేసుకుని, గొడుగును గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకునేవాడు.

"దాన్నా కోసేది?" అంది ఆండాళమ్మ.

"నువ్వు కాలరు ఊడదీయి. ప్యాంటు పట్టీలు కూడా. ఈ పట్టు మెరవదు, రెండూ ఒకటిగా ఉండల్ల."

"మెరవకపోతే ఒప్పుకుంటారాండి?" అన్నాడు రామభద్రరావు.

"మెరవంది కూడా చెల్లతాది సార్. ఎరిగినోళ్ళు అదే అడగతారు." మాట గట్టిగానే వచ్చింది. మొదటి పది కుట్లు మాత్రం ఊడదీసి మళ్ళీ కుట్టాడు.

ఏడు కొట్టేసరికి పని తెమిలింది. ఏడున్నరకు సుబ్బరాయలు, ఆండాళమ్మ జడ్జిగారి ఇంటికి ఎదురుగా, సముద్రం వైపు నిలబడ్డారు. సోమవారం ఎక్కడికి వెళ్ళాలో ఆ గేటు దగ్గర తేలుతుంది.

సరిగ్గా అప్పుడే నవంబరు వాన దిగింది.

కార్లు గేటు బయటే ఆగుతున్నాయి. అక్కడినుంచి వరండాకు ముప్పై అడుగులు. కొత్త అధికారులు ఒక్కొక్కరే మద్రాసులో కుట్టించుకున్న కోట్లతో పరుగెత్తారు. మెరిసే కాలర్ల మీద చినుకు పడ్డచోటల్లా మచ్చ తేలింది. వరండా ఎక్కేసరికి ప్రతివారి ఛాతీ మీదా ఒక దేశపటం ఉంది. రామభద్రరావు పరుగెత్తలేదు. గొడుగు పట్టు తన ధర్మం తాను నిర్వర్తించింది. చినుకులు గుండ్రంగా దొర్లి, జారి, నేల మీద పడ్డాయి. దీపం కిందికి వచ్చేసరికి కాలరు పొడిగా, నల్లగా, గంభీరంగా ఉంది.

జడ్జి ఆ కాలరును రెండు వేళ్ళతో పట్టి చూశాడు. తర్వాత గుండీ కాజా చూశాడు. తన కోటు కాజా వైపు కూడా ఒకసారి చూసుకున్నాడు. ఏదో అడిగాడు. రామభద్రరావు వెనక్కి తిరిగి, పేరు చెప్పి, రోడ్డుకవతల తడుస్తున్న మనిషిని చూపించాడు.

ముసలాయన వానలోకి రెండడుగులు వేశాడు.

"ముస్యే సుబ్బరాయలు," అని, దొరలు దొరలను పిలిచినట్టు పిలిచి, వచ్చీరాని తమిళంలో అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా నా కోట్లు కుట్టింది ఎవరో ఇవాళ తెలిసింది."

తల వంచాడు. అందరి ముందూ.

"ముసిలాయన తడస్తా ఉండాడు పాపం, లోపలికి పొమ్మని చెప్పు," అంది ఆండాళమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

సోమవారం పొద్దున నటేశన్ వచ్చేసరికి అరుగు మీద నలుగురు అధికారులు కూర్చుని ఉన్నారు. ఐదో ఆయనకు చోటు లేక గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అందరికీ మెరవని కాలరే కావాలి. పట్టు మద్రాసు నుంచి తామే తెప్పిస్తామంటున్నారు.

"బావా, టైమయింది, మిల్లు గేటు మూసేస్తారు," అన్నాడు నటేశన్, గొంతు తగ్గించి.

"నువ్వు రాసేదానికి నేర్చినోడివి గదా," అన్నాడు సుబ్బరాయలు, మొదటి అధికారి భుజం మీద టేపు పరుస్తూ. "ఆ పలక తీసుకో. పదిహేడున్నర. రాసినావా? చెయ్యి, ఇరవై నాలుగు. సార్, ఊపిరి బిగబట్టద్దు, విందులో తినల్ల గదా."